పై ఆకు విలువ

ఈ పూట నేను మీతో మాట్లాడదలచినది పత్తి గురించి కాదు, మక్క గురించి కాదు. చుట్ట గురించి, చుట్ట మీది ఆకు గురించి. వ్యవసాయ విస్తరణాధికారికి చుట్టతో ఏం పని అని మీరు అడగవచ్చు. చివరిదాకా వింటే పని ఉన్నదో లేదో మీకే తెలుస్తుంది.

ఒక ఎండకాలం మా క్లస్టరులోని ఒక ఊళ్లో పత్తి విత్తనాల సంగతి మాట్లాడడానికి కూర్చున్నాము. ఆ ఊరి పిల్లవాడొకడు హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో పని చేస్తాడు. సెలవుకు ఇంటికి వస్తూ ఒక ఖాళీ చెక్కపెట్టె తెచ్చాడు. నున్నగా చిత్రిక పట్టిన పెట్టె, ఇత్తడి బందులు, మూత మీద బంగారు రంగు ముద్ర. వాళ్ల హోటలుకు ఒక కొత్త రకం ఖరీదైన చుట్టలు వచ్చాయట. వాటిని మొదటిసారి బయటపెట్టిన రోజున దీపాలు, పూలు, కోటు వేసుకున్న పెద్దమనుషులు, పెండ్లి సందడి లాగే ఉన్నదట. చుట్టలు అయిపోయినాక పెట్టె పారవేయబోతుంటే, వాళ్ల అవ్వ సూదీ దారం పెట్టుకుంటుందని ఇతడు తెచ్చుకున్నాడు.

"సార్, గందుల ఒక్క చుట్ట ధర చెప్తే మా అవ్వ నమ్ముతలేదు" అన్నాడు.

అవ్వ అప్పుడే అడవి నుంచి వచ్చి, అరుగు మీద కూర్చొని తునికాకు కట్టలు కడుతున్నది. తల ఎత్తకుండానే అడిగింది: "గంత ధర పెట్టిండ్రంటే, గా ఆకు ఏ అడవిది బిడ్డా?"

పిల్లవాడు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎంచేతనంటే ఆమె అడిగినది సరైన ప్రశ్న. ధర ఎందుకు వచ్చింది అనకుండా, ఆకు ఎక్కడిది అన్నది. ఆ ప్రశ్నకు జవాబే ఈ ప్రసంగం.

మేలు రకం చుట్టలో మూడు భాగాలుంటాయి. లోపల ముక్కలు చేయని నిలువు ఆకు మడతపెట్టి ఉంటుంది. దానిని పట్టి ఉంచడానికి ఒక కట్టు ఆకు. ఆ పైన చివరగా చుట్టేది పై ఆకు. ఈ మూడింటిలో బరువు తక్కువ, ధర ఎక్కువ పై ఆకుదే. కంటికి కనబడేది అది, చేతికి తగిలేది అది. అందులో చిన్న చిల్లి ఉన్నా, మచ్చ ఉన్నా, ఈనె లావుగా ఉన్నా ఆ ఆకు పై చుట్టుకు పనికిరాదు. అమెరికాలో కనెక్టికట్ నది లోయ రైతులు ఈ పై ఆకు కోసమే 1900లో పొలం మీద గుడ్డ పందిళ్లు వేసి, ఎండ తగ్గించి పొగాకు పండించడం మొదలుపెట్టారు. నీడలో పెరిగిన ఆకు పలుచగా, సన్నని ఈనెలతో వస్తుంది గనుక అంత శ్రమ పడ్డారు. కోసిన ఆకును ఆరబెట్టి, కుప్ప వేసి మాగబెట్టి, మళ్లీ ఒక్కొక్క ఆకూ చేతిలోకి తీసుకొని ఏరుతారు. ఆ ఏరడం మీదనే ధర నిలబడుతుంది.

ఇదేదో దూరదేశపు మాట అనుకోవద్దు. మన బాసర దగ్గర, ధర్మపురి దగ్గర, మంచిర్యాల దగ్గర పారే గోదావరే కిందికి పోయి, కోస్తా జిల్లాల్లో లంకలను ఏర్పరుస్తుంది. వరద తీసినాక ఆ లంకల ఒండ్రు మీద పండే పొగాకునే లంక పొగాకు అంటారు. అది చుట్టల పొగాకుగా పేరు పొందింది. తమిళనాట దిండిగల్ చుట్టుపక్కల పండిన ఆకుతో చేసిన చుట్టలు తిరుచిరాపల్లి చుట్టలనే పేరుతో ఇంగ్లండు దాకా పోయాయి. 1887లో అచ్చయిన ఒక ఇంగ్లీషు అపరాధ పరిశోధక నవలలో కూడా ఆ చుట్ట పేరు వస్తుంది. దిండిగల్ దగ్గరి వేదసందూరులో చుట్ట పొగాకు మీద పరిశోధన చేసే కేంద్రం ఉంది.

మరి మన సంగతి ఏమిటి? పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరులో చాలా జిల్లాలయినాయి. జిల్లాల హద్దులు మారినా అడవి మారలేదు. ఆసిఫాబాద్, మంచిర్యాల, నిర్మల్, జగిత్యాల, మంథని వైపు అడవుల్లో తునికి చెట్టు ఉన్నది. హైదరాబాదు రాజ్యం నాటి నుంచి కాగితాల్లో దీనిని ఆబ్నూస్ అని రాస్తారు. పండు మనం తింటాము, చేవ నల్లగా ఉంటుంది. ఆకు బీడీకి పోతుంది. బీడీ లోపలి తంబాకు ఎక్కువగా కర్ణాటకలోని నిపాణి వైపు నుంచీ గుజరాత్ నుంచీ వస్తుంది. పై ఆకు మాత్రం మన అడవిది. సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, నిర్మల్‌లలో ఆడవాళ్లు చాట ఒడిలో పెట్టుకొని, అచ్చు పెట్టి కత్తెరతో కోసేది ఈ ఆకునే. 1966లో పార్లమెంటు కార్మికుల కోసం చేసిన చట్టం పేరులోనే బీడీ, చుట్ట రెండూ పక్కపక్కన ఉన్నాయి. బంగారు ముద్ర పెట్టెలోని చుట్టకైనా, దారం కట్టిన బీడీకైనా సూత్రం ఒకటే. లోపల ఏమున్నా, పై ఆకు మంచిదైతేనే సరుకు నిలుస్తుంది.

ఇక మన చేతిలో ఉన్న పని చూద్దాము.

మొదటిది కొమ్మ కొట్టడం. మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చే రోజుల్లో, అంటే ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చి నడుమ దాకా, తునికి పొదలను నేలకు దగ్గరగా కొట్టాలి. కత్తి పదునుగా ఉండాలి. మొద్దు కత్తితో కొడితే మోడు చీలుతుంది, చిగురు పలుచబడుతుంది. పొదలు, వేరు పిలకలు మాత్రమే కొట్టండి. పండ్లు కాసే పెద్ద చెట్లను ముట్టుకోవద్దు. రేపటి మొలక వాటి నుంచే రావాలి గదా. కొట్టిన సుమారు 45 రోజులకు ఆకు కోతకు వస్తుంది.

కొంతమంది కొమ్మ కొట్టే శ్రమ ఎందుకని అడవికి నిప్పు పెడుతున్నారు. కాలిన చోట చిగురు వస్తుంది, నిజమే. కాని ఆ నిప్పుకు టేకు మొలక, ఇప్ప మొలక, ఏటా రావలసిన గడ్డి అన్నీ బూడిద అవుతాయి. మంట మన గీత దాటి పక్క ఊరి చేలో పడితే ఎవరు జవాబు చెప్పాలి? పైగా అది నేరం. నిప్పు పెట్టి తెచ్చుకున్న ఆకు అప్పు తెచ్చి తిన్న అన్నం వంటిది. ఈ ఏడు కడుపు నిండుతుంది, వచ్చే ఏడు వడ్డీ కట్టాలి.

రెండవది కోత. చిగురు మొదట రాగి రంగులో ఉంటుంది. అది కోయవద్దు, ఎండితే పొడి అవుతుంది. పచ్చబడి, చేతితో మడిస్తే విరగకుండా తోలు లాగా వంగే ఆకు కోయాలి. ముదిరి బిరుసెక్కినదీ, పురుగు తిన్నదీ, బుడిపెలు లేచినదీ అక్కడే వదలివేయండి. చెడ్డ ఆకు ఇంటిదాకా మోయడమే దండుగ. తెల్లవారకముందే పోయి ఎండ ముదరకముందే తిరిగి రండి. ఒంటరిగా పోవద్దు. కవ్వాల్ అడవిని 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. ఆ చుట్టుపక్కల పులి తిరుగుతుందన్న మాట మీకు నేను చెప్పనక్కరలేదు. పొదలో ఎలుగు ఉన్నదో లేదో నలుగురు కలిసి అలికిడి చేస్తూ పోతేనే క్షేమం. తలకు గుడ్డ, చేతిలో నీళ్లు, పొద్దున్నే ఇంత అంబలి తప్పనిసరి.

మూడవది కట్ట. కట్టకు 50 ఆకులు. అటు ఇటు చెదరకుండా, తొడిమలన్నీ ఒక వైపుకు చేర్చి, చేతిలో సర్ది, నారతో బిగించాలి. నీడలో కూర్చొని కట్టండి. ఎండలో ఆకు ముడుచుకుంటుంది. కోసిన ఆకు అదే రోజు కట్ట కట్టి అదే సాయంకాలం కల్లానికి చేర్చాలి. రాత్రి కుప్పగా వేస్తే ఆకు వేడెక్కి మరుగుతుంది.

నాలుగవది ఆరబెట్టడం. ఇది కల్లేదారు పనే అయినా మీరూ తెలుసుకోవడం మంచిది. రాళ్లూ గడ్డీ లేని చదునైన నేల మీద కట్టలను వరుసలుగా పేర్చి, ఒక పక్క ఎండినాక రెండో పక్కకు తిప్పుతారు. బాగా ఎండినాక నీళ్లు చిలకరించి ఆకు మెత్తబడేటట్టు చేసి గోనె సంచుల్లో కూరుతారు. నడుమ అకాల వర్షం పడితే ఆకు నల్లబడుతుంది. లెక్కలో 1000 కట్టలు కలిస్తే ఒక ప్రామాణిక సంచి. అంటే 50,000 ఆకులు, ఒక్కొక్కటీ ఒక మనిషి వంగి తెంచినది.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది.

సుమారు పాతికేళ్ల కిందట, నాకు 12 ఏళ్లప్పుడు, మా అవ్వ ఆకు తెంపుకొని వస్తే నేను కట్టలు కట్టేవాణ్ణి. మా బాపుకు కొద్దిపాటి పత్తి చేను. ఆకు డబ్బు వస్తే గింజలు తేవాలి, లేకపోతే అప్పు. ఒకనాడు ఆటకు పోయే తొందరలో కట్టకు 45, 46 ఆకులు పెట్టి కట్టేసినాను. ఎవరు లెక్క పెడతారులే అనుకున్నాను. సాయంకాలం కల్లం దగ్గర ఆ మనిషి ఒక కట్ట విప్పాడు, 46. ఇంకొకటి విప్పాడు, 45. అందరి ముందూ మా అవ్వను, "ఏందమ్మా, గిది అంగడా, మోసమా?" అన్నాడు. ఆ రోజు ఆకులో సగమే లెక్క రాసుకున్నాడు.

అవ్వ నన్ను కొట్టలేదు. తిట్టనూ లేదు. కాని ఆ తరువాత ఆ కల్లం దగ్గర ఆమె నోరు పడిపోయింది. నూటికి 5 కట్టలు పైకట్టలని ఆ మనిషి ఊరికే తీసుకొనేవాడు. తరుగు పోతుందనేవాడు, ఎండితే తగ్గుతుందనేవాడు. తక్కిన వాళ్లు గొణిగేవారు. మా అవ్వ మాత్రం మాట్లాడేది కాదు. ఒకసారి తప్పు దొరికిన మనిషికి న్యాయం అడగడానికి నోరు లేవదు. ఆ ఏడు మేము గింజలు అప్పుకే తెచ్చాము.

మరుసటి ఏడు నుంచి అవ్వ ప్రతి కట్టా తానే రెండుసార్లు లెక్కపెట్టేది. ఒక వేసవి గడిచింది, రెండు గడిచినాయి. మూడో వేసవిలో ఆ మనిషి అలవాటుగా పైకట్టలు పక్కకు తీయబోతే, అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "విప్పు. ఏ కట్ట బుద్ధి పుడితే ఆ కట్ట విప్పు. యాభైకి ఒక్కటి తక్కువుంటే ఇయ్యాల్టి ఆకంతా నీకు ఊకెనే ఇస్త. యాభై ఉంటే మాత్రం పైకట్టలు ఇయ్య" అన్నది. అతను మూడు కట్టలు విప్పాడు. మూడూ 50. వెనక వరుసలోని ఆడవాళ్లు కూడా, "మాయి గూడ విప్పు" అన్నారు. ఆనాటితో మా ఊళ్లో పైకట్టలు పోయినాయి.

ఈ సంగతి నేనెందుకు చెప్తున్నానంటే, నాణ్యం అనే మాట వ్యాపారి ఒక్కడి సొత్తు కాదు. సరైన ఆకు, సరైన లెక్క మన చేతిలో ఉన్నప్పుడే మనం సరైన ధర అడగగలం. లెక్క వేసి చూడండి. కట్టకు 5 ఆకులు తక్కువ పెడితే 100 కట్టలకు 500 ఆకులు, అంటే 10 కట్టలు మనం ఎగవేసినట్టు. నూటికి 5 పైకట్టలు తీసుకుంటే 250 ఆకులు అవతలివాడు ఎగవేసినట్టు. రెండూ ఎగవేతలే. మొదటిది మానుకున్నవాడే రెండోదాన్ని ఆపగలడు.

న్యాయం అడగడానికి చట్టం కూడా తోడున్నది. ఒకప్పుడు అడవి ఆకు గుత్తేదార్ల ఇష్టారాజ్యంగా ఉండేది. 1971లో చేసిన చట్టంతో తునికాకు వ్యాపారం ప్రభుత్వ నియంత్రణలోకి వచ్చింది. అడవిని యూనిట్లుగా విడదీసి వేలం వేస్తారు. కట్టకు ఇంత అని సేకరణ ధర ప్రకటిస్తారు. ఆ ధర ఈ ఏడు ఎంతో కోతకు ముందే తెలుసుకోండి. కల్లం దగ్గర రాసి పెట్టమనండి. వేలంలో వచ్చిన సొమ్ములో ఖర్చులు పోగా మిగిలిన నికర ఆదాయాన్ని ఆకు తెంపిన వాళ్లకు బోనస్‌గా ఇచ్చే పద్ధతి ఉన్నది. ఎవరు ఎన్ని కట్టలు ఇచ్చారన్నది మీ కార్డులో ఏ రోజుకారోజు పడితేనే ఆ సొమ్ము మీదాకా వస్తుంది. కార్డు కల్లేదారు దగ్గర వదలవద్దు. చదువు రాకపోతే ఇంట్లో బడికి పోయే పిల్లకు చూపించండి. బ్యాంకు ఖాతా ఆడవాళ్ల పేరనే ఉంటే మేలు, తెంపేది వాళ్లే గనుక.

ఇంకొక అడుగు ముందుకు పోదాము. 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న అటవీ ఉత్పత్తుల మీద గ్రామసభకు యాజమాన్యం చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తుల జాబితాలో తునికాకును పేరు పెట్టి చేర్చింది. ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడ 2013 నుంచి కొన్ని గ్రామసభలు తమ అడవి ఆకును తామే అమ్ముకోవడం మొదలుపెట్టాయి. అందులో కష్టం లేదని నేను అనను. బేరం ఆడడం రావాలి, లెక్క రాసే మనిషి కావాలి, మాట తప్పిన కొనుగోలుదారును నిలదీసే కట్టు ఉండాలి. అయినా మన నదికి ఆ ఒడ్డున అయిన పని ఈ ఒడ్డున కాదనడానికి కారణం లేదు. మీ గ్రామసభలో ఈ మాట ఒకసారి ఎత్తండి.

ఇక చేదు మాట కూడా చెప్పాలి. మంచి ఆకు తెమ్మని చెప్పే నేను, పొగ తాగమని చెప్పడం లేదు. బంగారు ముద్ర వేసినా, దారం కట్టినా పొగ పొగే. ఖరీదైన చుట్ట నోటికీ గొంతుకూ పుండు తేదని ఎవరైనా అంటే నమ్మవద్దు. పొగ మింగకపోయినా నోటి క్యాన్సరు వస్తుంది. ఉత్తరాంధ్రలో కొందరు ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టి అడ్డపొగ తాగుతారు. వాళ్లకు అంగిట్లో పుండ్లు వచ్చిన సంగతి వైద్యులు ఏనాడో రాసి పెట్టారు. బీడీ ఆకుదే గనుక సిగరెట్టు కంటె మేలనేది కూడా అపోహే. బీడీ ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికి లాగవలసి వస్తుంది. లోపలికి పోయే విషం తక్కువేమీ కాదు. తంబాకు దుమ్ములో కూర్చొని బీడీలు చుట్టే తల్లులకు దగ్గూ ఆయాసమూ ఎట్లా వస్తాయో వాళ్లనే అడగండి. గాలి ఆడే చోట కూర్చోవడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, పసిపిల్లలను దూరంగా ఉంచడం తప్పనిసరి. 2003లో పొగాకు చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగడంపై నిషేధాన్ని గట్టిపరిచారు. పెట్టెల మీద భయపెట్టే బొమ్మలు వచ్చాయి. ఇవన్నీ మంచికే. కాని దాని అర్థం మనకు తెలియాలి. ఈ ఆకు గిరాకీ మన పిల్లల కాలం దాకా ఇట్లాగే ఉంటుందని చెప్పలేము.

కాబట్టి ఆకు డబ్బును చేతికి వచ్చిన రోజే ఒక లెక్కలో పెట్టండి. రోహిణి కార్తె ఎండల్లో కష్టపడి తెచ్చిన డబ్బు, మృగశిర వానకు ముందు మన దగ్గర ఉండే ఒకే ఒక్క రొక్కం. ఆ రోజుల్లో విత్తనాల దుకాణం ముందు అప్పుకు నిలబడిన రైతుకు కోరిన రకం దొరకదు, ఇచ్చిన రకం తీసుకోవలసిందే. రొక్కం ఇచ్చిన రైతు రకం అడుగుతాడు, రశీదు అడుగుతాడు. మొదట విత్తనాలకు తీయండి. పత్తి మధ్యలో కంది సాళ్లకు గింజలు మరువవద్దు. మిగిలితే ఒక మేకపిల్లో, నాలుగు కోళ్లో కొనండి. ఆకు గిరాకీ తగ్గిన నాడు అవే ఆదుకుంటాయి.

విస్తరణలో ఉన్న మిత్రులకు ఒక మాట. నేను డిప్లొమా చదివినవాణ్ణి. చదువుకున్న రోజుల్లో తునికాకు మన పాఠం కాదు, అడవి శాఖ పని అనుకున్నాను. మన రైతు వేదికలో కూర్చున్న అక్క ఏప్రిల్, మే నెలల్లో రైతు కాదు, ఆకు కూలీ. జూన్‌లో మళ్లీ రైతు. మనిషి ఒక్కతే గదా. వేసవి సమావేశం పొద్దున పెడితే ఆమె రాలేదు. రాత్రి అన్నాలయినాక పెట్టండి. విత్తనాల మాటతో పాటు కార్డు మాట కూడా అడగండి.

ఆ చెక్కపెట్టె ఇప్పుడు ఆ అవ్వ ఇంట్లోనే ఉన్నది. మళ్లీ పోయినప్పుడు చూశాను. సూదీ దారం లేదు. అందులో ఆకు కార్డు, బ్యాంకు పుస్తకం, విత్తనాల రశీదు పెట్టుకున్నది. ఆకు ఏ అడవిది అని ఆమె అడిగింది. ఆ చుట్ట మీది ఆకు మన అడవిది కాదు. కాని మన అడవి ఆకు కూడా అంత శ్రద్ధగా ఏరదగినదే, అంత గట్టిగా ధర అడగదగినదే.

ఈ మాటలు మరొక్కసారి: పదును కత్తితో కొమ్మ కొట్టండి, నిప్పు పెట్టవద్దు. మంచి ఆకే తెంపండి, నలుగురితో కలిసి పోండి. కట్టకు సరిగ్గా 50 పెట్టండి, ఒక్క పైకట్టా ఇయ్యకండి. కార్డు మీ దగ్గర ఉంచుకోండి. ఆకు డబ్బు ముందు విత్తనానికి.